షిమానో షిఫ్టర్‌కి స్రామ్ డీరైలర్ పెట్టేముందు స్కేలు తీయండి

నా రోడ్ బైక్ సైకిల్‌కి పాత షిమానో టియాగ్రా 4600 షిఫ్టర్లు (హ్యాండిల్ మీద గేరు మార్చే మీటలు) ఉన్నాయి, 10 స్పీడ్, అంటే వెనక పది గేర్లు. వికారాబాద్ దగ్గర అనంతగిరి ఘాట్ దిగుతూ పడ్డాను, వెనక డీరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి పక్కదానికి జరిపే పార్టు) విరిగింది. ఆ మోడల్ వెంటనే దొరకలేదు. సెకండ్ హ్యాండ్‌లో స్రామ్ కంపెనీ ఏపెక్స్ డీరైలర్ దొరికితే, అదీ 10 స్పీడే కదా అని తెచ్చి బిగించాను. ఆ సాయంత్రమంతా కేబుల్ బిగువు సరిచేసే అడ్జస్టర్ తిప్పుతూనే ఉన్నాను. ఒక గేరు కుదిరితే పక్కది కుదరదు. పార్టులు రెండూ మంచివే. వాటి లెక్కలే కలవవు.

ఆ లెక్క ఇది. షిఫ్టర్ ఒక్కో క్లిక్‌కి కేబుల్‌ని కొంత లాగుతుంది. డీరైలర్ దానికి కొన్ని రెట్లు పక్కకి జరుగుతుంది. ఆ జరిగిన దూరం, క్యాసెట్‌లో (వెనక చక్రం మీది పళ్ల చక్రాల కట్టలో) ఒక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) నుంచి పక్కదానికి ఉన్న దూరం ఒకటి కావాలి. నా షిఫ్టర్ క్లిక్‌కి సుమారు 2.3 మి.మీ. లాగుతుంది. పాత షిమానో రోడ్ డీరైలర్ దానికి 1.7 రెట్లు కదులుతుంది, అంటే 3.9. క్యాసెట్‌కి కావలసింది 3.95. సరిపోయింది. స్రామ్ డీరైలర్ కదిలేది 1.3 రెట్లే, అంటే 3 మి.మీ. క్లిక్‌కి దాదాపు ఒక మిల్లీమీటరు తక్కువ! స్రామ్ షిఫ్టర్ కేబుల్‌ని ఎక్కువ లాగుతుంది కాబట్టి ఆ జంటలో అది చక్కగా పనిచేస్తుంది.

మీ షిఫ్టర్ సంగతి తెలియకపోతే ఇంట్లోనే కొలవండి. డీరైలర్ దగ్గర కేబుల్ విప్పి, ఒకరిని బిగువుగా పట్టుకోమనండి. కేబుల్ మీద టేపు ముక్క అంటించి, అతి చిన్న స్ప్రాకెట్ గేరు నుంచి తొమ్మిది క్లిక్‌లూ నొక్కండి. టేపు ఎంత జరిగిందో పిల్లల స్కేలుతో చూడండి. నాకు 21 మి.మీ. వచ్చింది. టియాగ్రాలోనే తర్వాత వచ్చిన 4700 అయితే 25 దగ్గర వస్తుంది. అదీ 10 స్పీడే, కానీ కేబుల్ లాగే తీరు 11 స్పీడ్‌ది. పేరు ఒకటే కదా అని కొని మోసపోయేది ఇక్కడే. డబ్బు కట్టేముందు మోడల్ నంబర్ తప్పకుండా చూడండి.

నాకు చివరికి కుదిరింది షిమానో 9 స్పీడ్ మౌంటెన్ డీరైలర్. దాని నిష్పత్తి కూడా 1.7. ఎన్ని గేర్లన్నది డీరైలర్‌కి తెలియదు, లెక్కపెట్టేది షిఫ్టరే. పైగా దీని పొడవాటి కేజ్ (చైన్‌ని బిగువుగా ఉంచే కింది భాగం) 32 పళ్ల స్ప్రాకెట్‌ని సులువుగా మోస్తుంది, ఘాట్ ఎక్కేటప్పుడు మోకాళ్లకి అది ఎంత మేలో చెప్పలేను. షిమానో 10 స్పీడ్ మౌంటెన్ డీరైలర్ మాత్రం కొనకండి, దాని నిష్పత్తి వేరు.

క్యాసెట్, చైన్ విషయంలో అంత టెన్షన్ అక్కర్లేదు. నేను స్రామ్ 11-32 క్యాసెట్, కేఎంసీ 10 స్పీడ్ చైన్ వేశాను. షిమానో, స్రామ్ 10 స్పీడ్ క్యాసెట్లు ఒకే ఫ్రీహబ్‌కి (వెనక చక్రంలో క్యాసెట్ ఎక్కే భాగానికి) ఎక్కుతాయి, స్ప్రాకెట్ల మధ్య దూరాలూ దాదాపు ఒకటే. కాంపాగ్నోలో కంపెనీ ఫ్రీహబ్‌కి గాడులే వేరు. మీది 11 స్పీడ్ చక్రమైతే క్యాసెట్ వెనక 1.85 మి.మీ. స్పేసర్ వేయండి. అది లేకపోతే లాక్‌రింగ్ ఎంత బిగించినా క్యాసెట్ ఊగుతుంది.

బిగించే ముందు హ్యాంగర్ (ఫ్రేముకి డీరైలర్ వేలాడే కొక్కెం) వంగిందేమో షాపులో గేజ్ పెట్టించి చూడండి. పడిన బండికి ఇది తప్పనిసరి. వంగిన హ్యాంగర్ మీద ఏ కంపెనీ పార్టూ కుదరదు. చైన్‌ని డీరైలర్‌లో పెట్టకుండా ముందు పెద్ద రింగు, వెనక పెద్ద స్ప్రాకెట్ మీద చుట్టి, కలిసే చోటు నుంచి ఇంకో రెండు లింకులు వదిలి కత్తిరించండి. పాత చైన్ పొడవుతో కొలవకండి, క్యాసెట్ మారింది.

ఆఖర్న ఎల్ స్క్రూ, అంటే డీరైలర్ చక్రం వైపు మరీ జరగకుండా ఆపే స్క్రూ. బండిని స్టాండ్ మీద పెట్టి పెడల్ తిప్పుతూ పెద్ద స్ప్రాకెట్‌కి తెచ్చి, డీరైలర్‌ని వేలితో చక్రం వైపు నెట్టండి. చైన్ స్ప్రాకెట్ దాటి చక్రం పుల్లల (స్పోక్స్) వైపు వెళ్తుంటే స్క్రూ ఇంకో పావు మలుపు బిగించి మళ్లీ నెట్టి చూడండి. అది ఆగేదాకా బండిని ఘాట్‌కి తీసుకెళ్లకండి.