జ్వరం తగ్గిందని మారథాన్‌కి వెళ్లకండి

పోయిన ఆదివారం ప్రాక్టీస్‌లో, 28వ కిలోమీటరు దగ్గర మా జట్టులో ఒకాయన కూలబడిపోయారు. యాభై రెండేళ్లు, బ్యాంకు ఉద్యోగం. నాలుగేళ్ల క్రితం కాలనీ పార్కు చుట్టూ రెండు చుట్లు నడిస్తేనే ఆయాసపడేవారు. ఇప్పుడు 42.195 కిలోమీటర్ల ఫుల్ మారథాన్‌కి తయారవుతున్నారు. ప్రాణం దక్కింది. ఆయనకి గురువారం 102 జ్వరం ఉందని, మాత్రలు వేసుకుంటే శుక్రవారం తగ్గిందని ఆసుపత్రిలో తెలిసింది. మాకెవరికీ చెప్పలేదు.

మారథాన్ పరుగెత్తే మామూలు మనుషులంటే నాకు ఎంతో గౌరవం. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి, ఏడింటికల్లా పిల్లల లంచ్ బాక్సులు కట్టే తల్లులు మా జట్టులో ఉన్నారు. వాళ్లకి కోచ్ లేడు, ప్రైజ్ మనీ రాదు. ఆ పట్టుదల చూసే నాకు భయం. ఆరు నెలల కష్టం ఒక్క జ్వరంతో పోతుందంటే ఎవరికి మనసొప్పుతుంది? అందుకే దాచేస్తారు.

షూస్, నిద్ర, ముందురోజు తిండి సంగతి మీకు తెలుసు, వదిలేస్తున్నాను.

హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టులో. వైరల్ జ్వరాలు, డెంగీ ముసిరేదీ అప్పుడే. పారాసిటమాల్ వేడిని దించుతుంది, వైరస్‌ని చంపదు. కొందరిలో ఆ వైరస్ గుండె కండరానికి వాపు తెస్తుంది. పైకి నీరసం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. ఆ వాపుతో గంటల తరబడి పరుగెత్తితే గుండె లయ తప్పి మనిషి అక్కడికక్కడే పడిపోవచ్చు. పైగా జ్వరం నుంచి పూర్తిగా తేరుకోని ఒంటికి వడదెబ్బ త్వరగా తగులుతుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా దారి నిండా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, పైన ఉక్క.

కాబట్టి జ్వరం వచ్చిన వారంలో పరుగెత్తకండి. తగ్గాక ముందు నడవండి, తర్వాత నెమ్మదిగా జాగింగ్ చేయండి. ఛాతీలో నొప్పి, గుండె దడ, మామూలుగా రాని ఆయాసం ఉంటే డాక్టరుకి చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. డెంగీ వచ్చినవాళ్లు డాక్టరు సరేనన్నాకే షూస్ కట్టుకోండి.

రెండోది నొప్పి మాత్రలు. మోకాలు నొప్పి అని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని స్టార్ట్ లైన్లో నిలబడతారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇవి కిడ్నీలకి అందే రక్తాన్ని తగ్గిస్తాయి. డెంగీ అనుమానం ఉంటే రక్తస్రావం ప్రమాదం కూడా.

ఇక నీళ్లు. తక్కువైతేనే ప్రమాదం అనుకుంటారు, ఎక్కువైనా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే ఒంట్లోని ఉప్పు, పడిపోయి ఉంది. మెల్లగా పరుగెత్తుతూ దారిలో ప్రతి నీళ్ల స్టేషన్‌లో తాగినవాళ్లకే ఈ ముప్పు ఎక్కువ. దాహమైతే తాగండి, ఓఆర్ఎస్ దగ్గర ఉంచుకోండి.

మొదటి పది కిలోమీటర్లు పక్కవాళ్ల వేగంతో పోకండి. బిబ్ (ఛాతీకి తగిలించుకునే రేసు నంబరు కాగితం) వెనక బ్లడ్ గ్రూప్, ఇంటివాళ్ల నంబరు రాయండి. ఛాతీ పట్టేస్తే ఆగండి. తల తిరిగితే ఆగండి. చెమట పట్టేచోట వణుకు వస్తే ఆగండి. పక్కనున్న మనిషి తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే "బాగానే ఉన్నాను" అన్నా నమ్మకండి. నీడకి చేర్చండి, ఒళ్లంతా ఐస్ నీళ్లు పోయండి, వైద్య సిబ్బందిని పిలవండి, 108కి ఫోన్ చేయండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. మనిషి కుప్పకూలి, స్పృహ లేక, ఊపిరి తీసుకోకపోతే ఆ క్షణమే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టండి, ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే యంత్రం) తెప్పించండి.

రేసుకి మూడు రోజుల ముందు ఒళ్లు కాలిందా? ఇంట్లోవాళ్లకి చెప్పండి, జట్టులో చెప్పండి, బిబ్ పక్కన పెట్టండి. మా బ్యాంకు ఆయన ఈ ఏడాది పరుగెత్తడం లేదు. వచ్చే ఆగస్టుకి తయారవుతానని నిన్ననే అన్నారు.