ఆలుమగల గొడవ: మూడు నిమిషాల సీను రాసి, తీసే పద్ధతి

కర్నూలు, కడప, అనంతపురం అంటే సినిమావాళ్లకు కత్తులు, సుమోలే. ఇక్కడి మొగుడూ పెళ్లాం వంటింట్లో ఎట్లా మాట్లాడుకుంటారో చూపించాలంటే ఆ సరంజామా ఏదీ పనికిరాదు. చిన్న గది, ఇద్దరు నటులు, సరిగ్గా రాసిన రెండు పేజీలు ఉంటే చాలు.

ముందు గొడవకు ఒక వస్తువును పట్టుకోండి. "నన్ను అర్థం చేసుకోవడం లేదు" అనేది కెమెరాకు దొరకదు. అనంతపురం పక్క పల్లె అనుకుందాం. ఆమె బంగారు సరుడు (గొలుసు) తాకట్టు పెట్టి అతను బోరు వేయించినాడు, నీళ్లు పడలేదు. ఆమె మెడలో ఇప్పుడు పసుపుతాడు మిగిలింది. మొదటి రాతలో చాలామంది ఇట్లా రాస్తారు: "నన్ను అడగకుండా నా సరుడు ఎందుకు పెట్టినావు? నేనంటే లెక్కలేదా?" మనసులో ఉన్నదంతా మొదటి మాటకే బయటపడింది కాబట్టి, తర్వాత అరుపులు తప్ప ఇంకేం మిగలవు. అదే సీనును బోరు, సరుడు అనే మాటలు రాకుండా మళ్లీ రాయండి:

"కాళ్లు కడుక్కున్యావా?"
"ఆ."
"ఎల్లుండి మా చిన్నమ్మ కూతురు పెండ్లి."
"పోయి రా."
"ఏం ఏసుకొని పోయేది?"
(సంగటి తుంచుతున్న చెయ్యి ఆగుతుంది.)
"ఊరుబిండిలో ఉప్పు తక్కువైంది."

ఊరుబిండి అంటే సంగటిలోకి నూరే పచ్చడి. అతను తప్పించుకున్నాడని ఆమెకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. సీనంతా ఆ ఉప్పు మాట మీద నిలబడాలి.

"ఏవండీ" అని రాయకండి. ఇక్కడ చాలా పల్లెల్లో ఆమె "ఏమయా" అంటుంది, మేనరికమైతే "మామా", "బావా" అంటుంది. అతను "ఏమ్మే" అంటాడు. యాస మీకు రాకపోతే, ఆ ఊరి నటుడికి మాట అర్థం చెప్పి, తన నోటితో ఎట్లా అంటాడో విని రాసుకోండి. "పోతాండా" పక్కనే "వెళ్తున్నాను" వచ్చిందంటే మనిషి మారిపోయినట్టే.

స్క్రిప్టు పేజీకి ఒక నిమిషం అనేది మామూలు లెక్క. మౌనం ఎక్కువుండే సీనుకు అది సరిపోదు. మూడు నిమిషాలకు రెండు పేజీలు రాసి, గడియారం పెట్టుకొని చదివించండి. రిహార్సల్లో నటుల చేతికి పని ఇవ్వండి. ఖాళీ చేతులుంటే వేళ్లు ఊపుతూ నాటకం ఆడతారు.

చిత్రీకరణలో మొదట ఇద్దరూ కనబడే షాట్ సీను మొత్తం తీయండి. తర్వాత క్లోజప్‌లు. వాటిలో మాట్లాడే మనిషి కన్నా వినే మనిషి ముఖం ఎక్కువ పనికొస్తుంది, అది మొత్తం నిడివి తీసిపెట్టుకోకపోతే ఎడిటింగ్‌లో చేతులు కట్టేసినట్టవుతుంది. ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకొని కెమెరాను దానికి ఒకే వైపు ఉంచండి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కు చూస్తున్నట్టు కనిపించి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియదు. ప్రతి టేకుకూ ఒక కొత్త సంగటి ముద్ద ఉండాలి. పది టేకులు అనుకుంటే పన్నెండు ముద్దలు చేయించండి, లేదంటే షాటు షాటుకూ ముద్ద పెరిగి తగ్గుతుంది.

ఒకరి మాట మీద ఒకరు పడటం నిజమే, కానీ క్లోజప్‌లో అట్లా రికార్డు చేస్తే ఏ మాటా విడిగా కోయలేరు. క్లోజప్‌లో విడివిడిగా చెప్పించి, ఎడిటింగ్‌లో ఒకదానిమీద ఒకటి ఎక్కించండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయండి. బండి తాళం ఫ్రిజ్‌లో పెడితే, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ఎండాకాలమైతే టేకుల మధ్య ఫ్యాను వేయకుంటే నటులు నిలబడరు. చివర్లో ఎవరూ కదలకుండా 30 సెకన్లు గది నిశ్శబ్దం రికార్డు చేయండి, మాటల మధ్య సందులు పూడ్చేది అదే. ట్యూబ్‌లైటు కింద కెమెరా షట్టర్ వేగం 1/50 సెకను ఉంచితే మినుకు రాదు.

ముగింపులో సారీ చెప్పించకండి, చెంపదెబ్బతో అసలే ముగించకండి. దెబ్బ పడితే చూసేవాళ్లు సరుడు సంగతి మర్చిపోయి దెబ్బ గురించే ఆలోచిస్తారు, మీరు రాసిన కథ అది కాదు. అతను ఉప్పు డబ్బా తనే లేచి తెచ్చుకుంటే చాలు. ఎడిటింగ్ అయ్యాక చివరి రెండు డైలాగులు తీసేసి ఒకసారి చూడండి. చాలాసార్లు వాటి అవసరం ఉండదు.