ఇంటి మరమ్మతు సామగ్రి ఆర్డరులో నష్టపోకుండా ఉండడం ఎలా?

ఇల్లు బాగుచేయించుకునేవారు ధర దగ్గర గంటల తరబడి బేరమాడతారు గానీ, కొలత దగ్గర అయిదు నిమిషాలు నిలబడరు. కోసిన గాజును, రంగు కలిపిన పెయింటును, మన కొలతకు చేసిన తలుపును తిరిగి తీసుకునే దుకాణం దాదాపు ఉండదు కనుక, బేరంలో మిగిలినదంతా ఒక్క తప్పు ఆర్డరుతో పోతుంది.

మొదటి పని కొలతలు తీయడం. పాత ప్లాను కాగితంలోని అంకెలను నమ్మకుండా, ఉన్న గదిని ఉన్నట్టుగా టేపుతో కొలవాలి. పూత మందం వల్ల ప్లానుకూ గోడకూ తేడా తప్పకుండా ఉంటుంది. కిటికీకి, తలుపుకు వదిలిన ఖాళీని కింద, మధ్యలో, పైన మూడు చోట్ల కొలిచి, వాటిలో అతి తక్కువ కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా కొలిస్తే రెండూ సమానంగా రావాలి. రాకపోతే ఆ ఖాళీ వంకరగా ఉందని అర్థం. మేస్త్రీ అంగుళాల్లోనూ తయారీదారు మిల్లీమీటర్లలోనూ మాట్లాడుతుంటే పొరపాటుకు అంతకన్నా దగ్గరి దారి లేదు కాబట్టి, మొత్తం జాబితాను ఒకే కొలమానంలో రాసుకోవాలి. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు; దీన్ని 25గా కుదించి లెక్కవేస్తే 10 అడుగుల గోడ దగ్గర దాదాపు 5 సెంటీమీటర్ల తేడా వస్తుంది.

తరువాత పరిమాణం లెక్క. ఎక్కువ మంది దెబ్బతినేది టైల్స్ దగ్గరే. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్న గదికి 120 చదరపు అడుగులు చాలనుకుంటారు. గోడ అడుగున 4 అంగుళాల ఎత్తున అవే టైల్స్‌తో పట్టీ (స్కర్టింగ్) వేయాలంటే, 3 అడుగుల గుమ్మం పోను 41 అడుగుల చుట్టుకొలతకు మరో 14 చదరపు అడుగులు కావాలి. వచ్చిన 134కు కోతలో పోయే తరుగు 10 శాతం కలిపితే 147 దాటుతుంది. 600 మిల్లీమీటర్ల చదరపు టైల్స్ నాలుగున్న పెట్టె 1.44 చదరపు మీటర్లకు, అంటే 15.5 చదరపు అడుగులకు సరిపోతుంది గనుక, పది పెట్టెలు తెప్పించాలి. మొదటి లెక్కన ఎనిమిదే తెచ్చి ఉంటే పని సగంలో ఆగేది. టైల్స్‌ను ఐమూలగా పరిచేటట్లయితే తరుగు 15 శాతం దాకా పట్టుకోవడం మంచిది.

మళ్ళీ రెండు పెట్టెలు తెచ్చుకుంటే పోలేదా అనిపించవచ్చు. టైల్స్ ప్రతి విడత కాల్పులో రంగు, పరిమాణం కొద్దిగా మారుతాయి. పేరు ఒకటే అయినా పాతవాటి పక్కన కొత్తవి వేరుగా కనబడతాయి. అందుకే అన్ని పెట్టెల మీదా బ్యాచ్ సంఖ్య, షేడ్ సంఖ్య ఒకటే ఉండాలని ఆర్డరులోనే రాయించాలి.

ప్లైవుడ్‌ను విస్తీర్ణంతో లెక్కించడం మరో తప్పు. 8 అడుగులకు 4 అడుగుల షీటు 32 చదరపు అడుగులు. 7 అడుగుల పొడవు, 2 అడుగుల 2 అంగుళాల వెడల్పు గల పలకలు రెండింటికి 30 చదరపు అడుగుల పైచిలుకు అవుతుంది కనుక ఒక షీటు చాలునని కాగితం చెబుతుంది. రెండు వెడల్పులూ కలిస్తే 4 అడుగులు దాటుతాయి కనుక నిజానికి రెండు షీట్లు కావాలి. కోత బొమ్మ గీసి, రంపం తినే మందం కూడా కలిపి లెక్కించమని వడ్రంగిని ముందే అడగాలి. పెయింటు డబ్బా మీద రాసిన విస్తీర్ణం ఒక పూతకా, రెండు పూతలకా అన్నది చూడాలి. సిమెంటు గాలిలోని తేమను పీల్చుకుని మూడు నెలల్లోనే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది కాబట్టి, పనికి తగ్గట్టు విడతలుగా తెప్పించుకోవాలి.

ఒక వస్తువు ఇంకొకదాని మీద ఆధారపడే చోట ఆర్డరు వరుస ముఖ్యం. సింకు చేతికి రాకముందే వంటగట్టు రాయి కోయించరాదు. కమోడ్ ఎంచుకునేముందు, దాని నీరు గోడలోకి పోతుందా నేలలోకి పోతుందా, నేలలోకైతే గోడకూ ఆ మురుగు గొట్టం మధ్యకూ ఎంత దూరం ఉందన్నవి ప్లంబర్ చేత కొలిపించాలి. పాత నేల మీదే కొత్త టైల్స్ పరిస్తే టైలు మందం, జిగురు మందం కలిసి నేల సుమారు 15 మిల్లీమీటర్లు లేస్తుంది. ఆ సంగతి మరచి తలుపులు చేయిస్తే అన్నిటినీ కింద కోయవలసి వస్తుంది. తలుపు ఎటు తెరుచుకోవాలో మాటతో కాక బొమ్మతో చెప్పడం మేలు, ఎందుకంటే గది లోపల నిలబడినవాడి కుడి బయట నిలబడినవాడికి ఎడమ.

అన్నీ తేలాక ఆర్డరును కాగితం మీద పెట్టాలి. సంస్థ పేరు, రకం, కొలత, మందం, రంగు సంఖ్య, ఎన్ని, ఏ తేదీకి చేరాలి అన్నవే కాక, రవాణా, దింపుడు, పై అంతస్తుకు మోత ఎవరి ఖర్చో, విప్పని పెట్టెలను ఎన్ని రోజుల లోపు తిరిగి తీసుకుంటారో కూడా అందులో ఉండాలి. మోత ఖర్చు రాయకపోతే సరుకు గేటు దగ్గరే దిగిపోతుంది, మిగిలింది మన తలనొప్పి.

సరుకు వచ్చినప్పుడు బండి వెళ్ళకముందే లెక్కపెట్టి, పెట్టెల సంఖ్యలు సరిచూసి, పగిలినవి ఉంటే ఫోటో తీసి రసీదు మీదే రాసి సంతకం చేయాలి. టైల్స్ అతికించాక రంగు తేడా ఉందంటే ఎవరూ వినరు గనుక, నాలుగైదు పెట్టెల్లోంచి తీసిన టైల్స్‌ను ముందు పొడిగా పరిచి పగటి వెలుగులో చూడాలి. పని ముగిశాక మిగిలిన విప్పని పెట్టెల్లో ఒకదాన్ని, బ్యాచ్ సంఖ్య కనిపించేటట్లు, అటక మీద దాచి, మిగతావి గడువు లోపల వాపసు చేయాలి.