కూడికలో చెప్పిన సాక్ష్యాన్ని పత్రికకు రాయడం ఎలా?

నరసాపురం మొదలుకొని అమలాపురం వరకు గోదావరి డెల్టాలో ఏ క్రైస్తవ సంఘానికి వెళ్లినా, ఆదివారం ఆరాధనలోనో వారం మధ్యలో జరిగే ప్రార్థన కూడికలోనో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం, అంటే తన జీవితంలో దేవుడు చేసినదానిని, చెప్పడం మామూలే. అయితే కూడికలో అందరి చేత కంటతడి పెట్టించిన సాక్ష్యమే సంఘ పత్రిక క్రిస్మస్ సంచికలో అచ్చయ్యేసరికి చప్పగా కనిపిస్తుంది. కూడికలో వింటున్నవారికి ఆ మనిషి తెలుసు, ఆమె ఇల్లు తెలుసు, ఆమె పడిన అప్పుల బాధ తెలుసు. పత్రిక చదివేవారి చేతిలో కాగితం తప్ప మరేమీ ఉండదు. కాబట్టి వినేవారు తమంతట తాము నింపుకొన్న వివరాలన్నింటినీ రాసేటప్పుడు రచయితే సమకూర్చాలి.

ముందుగా ఒక్క సంఘటనను ఎంచుకోవాలి. పుట్టిన ఊరు, చదువు, పెళ్లి, రక్షణానుభవం, బాప్తిస్మం అంటూ జీవితమంతా రెండు పేజీలలో ఇరికించిన సాక్ష్యం దరఖాస్తు ఫారంలా తయారవుతుంది. ఈ విషయంలో అపొస్తలుడైన పౌలు మంచి గురువు. దమస్కు మార్గంలో యేసు తనకు కనబడిన సంగతిని ఆయన బైబిలులోని అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో యెరూషలేము జనసమూహానికి చెప్పినప్పుడు ధర్మశాస్త్ర బోధకుడైన గమలీయేలు వద్ద తాను పొందిన శిక్షణను, తనకు చూపు తెప్పించిన ధర్మశాస్త్రనిష్ఠ గల అననీయను ప్రస్తావించాడు. 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు ఎదుట అదే సంగతిని చెబుతూ అననీయ పేరే ఎత్తలేదు. అనుభవం ఒక్కటే అయినా వినేవారిని బట్టి ఏది ఉంచాలో, ఏది విడవాలో ఆయన నిర్ణయించుకొన్నాడు. మీరు కూడా రాయబోయే ముందు ఇది సంఘస్థుల కోసమా, యౌవనస్థుల కోసమా, సంఘానికి బయటివారి కోసమా అన్నది తేల్చుకోవాలి.

తరువాతి పని వివరాలను సేకరించడం. లూకా తన సువార్త ఆరంభంలోనే అన్నిటినీ మొదటి నుండి తరచి పరిష్కారముగా తెలిసికొని వరుసగా రాస్తున్నానని చెప్పుకొన్నాడు. విశ్వాసంతో రాస్తున్నామన్న కారణంగా తేదీలను గాలికి వదిలేయడం తగదు. మన ప్రాంతంలో కుటుంబ సాక్ష్యాలు తరచుగా దొరల కాలంతో మొదలవుతాయి కనుక ఈ జాగ్రత్త మరీ అవసరం. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే మిషనరీలు ఈ దేశానికి వచ్చినది 1836లో. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. మీ ముత్తాతగారు బౌడెన్ దొర చేతి మీదుగా బాప్తిస్మం పొందారని ఇంట్లో చెప్పుకొంటూ ఉంటే, ఇటువంటి తేదీలతో సరిపోల్చి తరాలు లెక్కకట్టి, సంఘంలో పాత బాప్తిస్మ రిజిస్టరు మిగిలి ఉంటే దానిని చూసి, ఆ తరువాతే రాయాలి. లెక్క కుదరకపోతే “మా ఇంట్లో అలా చెప్పుకొంటారు” అని రాస్తే సరిపోతుంది.

అసలు కష్టం వాక్యాల దగ్గర మొదలవుతుంది. కూడికల్లో విని విని మన నోటికి వచ్చేసిన మాటలు కలం పట్టగానే ముందుగా దూకుతాయి. ఒక లంక గ్రామానికి చెందిన విశ్వాసి ఇలా రాసిందనుకుందాం: “వరదలో మేము సర్వమును కోల్పోయితిమి, అయినను దేవుడు మమ్మును ఆశ్చర్యకరముగా పోషించెను.” ఇందులో అబద్ధమేమీ లేదు గాని చదువరికి కనబడేది కూడా ఏమీ లేదు. అదే మనిషి ఇలా రాయవచ్చు: “1986 ఆగస్టు వరదకు మా లంకలో నీళ్లు ఇంటి చూరును తాకాయి. ఏటిగట్టు మీద బరకాల కింద తలదాచుకొన్నాము. అమ్మ తడిసిన బియ్యాన్ని ఎండబెట్టి గంజి కాచి, పక్క బరకం కింద ఉన్న బాలింతకు ముందుగా ఇచ్చి, మిగిలినది మాకు పోసింది. ఆ రాత్రి ఆమె ప్రార్థనలో మాకంటే ముందు ఆ పసిబిడ్డే వచ్చాడు.” ఇక్కడ విశ్వాసం గురించి ఒక్క మాట కూడా లేకపోయినా ఆ తల్లి విశ్వాసం ఎటువంటిదో చదువరికి తెలిసిపోతుంది.

భాష కూడా కుదురుగా ఉండాలి. “దేవుడు నాకు తోడైయుండెను, తర్వాత నేను పాలకొల్లు బస్సెక్కాను” వంటి కలగాపులగం మన పత్రికలలో కొల్లలు. కథనం నేటి తెలుగులో సాగాలి, ఉదహరించిన వాక్యం బైబిలులో ఉన్నట్టే ఉండాలి. రేవు, పంటు, ఏటిగట్టు, దొడ్డి వంటి మాటలను గొప్పదనం కోసం మార్చనక్కర్లేదు. ప్రసంగ భాష ఒక్కటే క్రైస్తవ రచనకు తగినదన్న భ్రమ ఉన్నవారు గుర్రం జాషువాను తలచుకోవాలి. ఆయన క్రీస్తు జీవితాన్ని తెలుగు పద్యాలలో చెప్పిన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

బైబిలు వచనాల విషయంలో ఒకటి చాలు. అది కూడా జ్ఞాపకం మీద ఆధారపడక, బైబిలు తెరిచి అధ్యాయమంతా చదివి రాయాలి. “తనకు తాను సహాయం చేసుకొనేవారికే దేవుడు సహాయం చేస్తాడు” అన్న మాట బైబిలులో ఎక్కడా లేదు. మీ విషయంలో నా ఉద్దేశాలు హానికరమైనవి కావు అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11ను గల్ఫ్ వీసా వచ్చిన సందర్భంలో వాడేవారు చాలామంది ఉన్నారు. అది బబులోనులో బందీలుగా, చెరలో ఉన్న యూదులకు రాసిన మాట, దాని ముందటి వచనంలోనే డెబ్బది సంవత్సరాల గడువు ఉంది. కువైట్‌లో పని చేస్తూ పిల్లలను ఫోనులోనే చూసుకొనే తల్లికి ఆ గడువుతో కలిపి చదివితేనే ఆ వచనం నిజంగా అందుతుందని నా అభిప్రాయం.

స్వస్థత గురించి రాసేటప్పుడు తీసుకొన్న మందులు, చేయించుకొన్న ఆపరేషన్ దాచకూడదు. డాక్టర్లు చేతులెత్తేశారన్న మాట వారు నిజంగా అంటేనే రాయాలి. భర్త తాగుడు, అత్తగారి మాటలు, బంధువుల అప్పులు వంటివి రాయవలసి వస్తే సంబంధించినవారికి ముందుగా చూపించి అనుమతి తీసుకోవాలి. అనుమతి దొరకకపోతే ఆ భాగాన్ని విడిచిపెట్టడమే మర్యాద.

ప్రార్థనకు జవాబు ఇంకా రాలేదా? అయినా రాయవచ్చు. బైబిలులోని 88వ కీర్తన చీకటిని గురించిన మాటతోనే ముగుస్తుంది, దానికి ఎవరూ స్తుతి వాక్యం అతికించలేదు. ఇటువంటి రచనకు ప్రార్థన నోట్‌బుక్ బాగా తోడ్పడుతుంది: తేదీ వేసి, ఆ రోజు అడిగినది ఒకటి రెండు పంక్తులలో రాసి, ఎదుటి పేజీని ఖాళీగా ఉంచి, తరువాత జరిగినది అక్కడ నింపుతూ రావాలి. కొన్ని నెలల తరువాత తిరగేసినప్పుడు జవాబుల కంటే మన అడగడంలో వచ్చిన మార్పే ఎక్కువగా కనిపిస్తుంది. మొదట్లో తమ్ముడితో ఉన్న పొలం తగాదా గెలవాలని అడిగినవారు కొంతకాలానికి ఆ తమ్ముడితో మాట కలవాలని అడుగుతూ ఉండవచ్చు. మంచి సాక్ష్యానికి కావలసిన సంఘటన అక్కడే దొరుకుతుంది.

చిత్తుప్రతి పూర్తయ్యాక సంఘానికి రాని ఒకరికి చదివి వినిపించి, ఎక్కడ అర్థం కాలేదో గుర్తు పెట్టుకొని సరిచేయాలి. పత్రికవారు ఒక్క పేజీకి కుదించమంటే ముందుగా వందనాల పేరా, తరువాత చివరి ప్రబోధం తీసివేయండి. సంఘటన జోలికి మాత్రం వెళ్లవద్దు.