రాళ్ళ కమ్మలు: మసకబారితే, సీల జారితే, చెవి సాగితే

కమ్మ మీద బ్రష్ పెట్టేముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ప్రతి రాయి వెనకా చిన్న కన్నం ఉండి, దీపానికి ఎదురుగా పట్టుకుంటే రాయిలోంచి వెలుతురు వస్తోందంటే అది ఓపెన్ సెట్టింగ్. వెనకంతా బంగారు రేకుతో మూసేసి ఉంటే క్లోజ్డ్ సెట్టింగ్. పాతకాలపు కెంపుల కమ్మలు, కుందన్, పచ్చి పని (వెనక మూసి రాళ్ళు పొదిగే పద్ధతులు) చేసిన బుట్టలు ఎక్కువగా ఈ రెండో రకమే. కమ్మలు వాడకంవల్ల పాడయ్యేదాని కంటే ఈ తేడా చూడకుండా కడగడంవల్ల పాడయ్యేదే ఎక్కువ.

రాయి మసకబారింది

మసక ఎక్కడుందో ముందు పట్టుకోవాలి. కిటికీ వెలుతురులో చూడండి.

రాయంతా ఒకేలా మసగ్గా ఉండి, ఓపెన్ సెట్టింగ్ అయితే కారణం జిడ్డు. తలనూనె, పౌడరు, సబ్బు రాయి వెనక పొరలా పేరుకుంటాయి. రవ్వల దుద్దులకు ఇది మరీ తొందరగా పడుతుంది. గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి, పది నిమిషాలు నానబెట్టండి. చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో ముందువైపు కాదు, వెనక కన్నాల్లో తోమాలి. మురికంతా అక్కడే ఉంటుంది. కుంకుడురసం కూడా బాగా పనిచేస్తుంది, పిప్పి లేకుండా వడకడితే చాలు. టూత్‌పేస్ట్ మాత్రం వద్దు. అందులోని గరుకు పొడి 22 క్యారెట్ల బంగారం మీద గీతలు పెడుతుంది. ఈ పని సింకులో పెట్టుకోకండి. కడిగిన నీళ్ళు పారబోసేటప్పుడు టీ వడపోతలోంచి పోస్తే, ఊడిన రాయి ఏదైనా ఉంటే అక్కడే దొరుకుతుంది.

అంచు నుంచి లోపలికి నల్లమచ్చ పాకుతోందా? మూసిన సెట్టింగ్‌లో తడి దిగిందన్నమాట. రాయి కింద మెరుపు కోసం పెట్టిన తళుకు రేకు నల్లబడింది. రాయికేమీ కాలేదు. ఎంత తోమినా ఈ మచ్చ పోదు, తోమేకొద్దీ ఇంకాస్త తడి దిగుతుంది. పచ్చి పని తెలిసిన వారితో ఆ రాయి తీయించి, రేకు మార్పించి, మళ్ళీ పొదిగించుకోవడం ఒక్కటే దారి. చాలావాటిలో లోపల లక్క ఉంటుంది కాబట్టి, ఆరబెడదామని హెయిర్ డ్రయ్యర్ పెడితే అది మెత్తబడి రాయి కుంగుతుంది. ఇలాంటి కమ్మలకు పొడి మల్లుగుడ్డతో తుడవడమే శుభ్రం. తలస్నానానికి ముందు తీసేయాలి.

పచ్చల్లో ఉన్నట్టుండి తెల్లటి గీతలు కనిపిస్తే రాయి పగిలిందని కంగారు పడకండి. పచ్చల్లో సహజంగా ఉండే సన్నటి చీలికలు కనబడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్ళు తగిలినా, షాపులో అల్ట్రాసోనిక్ మెషీన్‌లో (ధ్వని తరంగాలతో కడిగేది) వేసినా ఆ నూనె బయటికి వచ్చేస్తుంది. రాళ్ళ పని తెలిసినచోట మళ్ళీ పట్టిస్తారు. ‘ఊరికే మెషీన్‌లో కడిగిస్తాం’ అంటే పచ్చలు, ముత్యాలు, పగడాలు ఉన్న కమ్మలను ఇవ్వకండి.

కెంపు పైన తెల్లటి గుంటల్లాంటివి వచ్చాయంటే అందులో సీసపు గాజు నింపి ఉంటారు. నిమ్మరసంలాంటి పులుపు తగిలితే ఆ గాజు కరుగుతుంది, దానికి మందు లేదు. కొనేటప్పుడే పది రెట్ల భూతద్దంతో చూడాలి. రాయిని అటూఇటూ వంచితే నీలి మెరుపు తళుక్కుమన్నా, లోపలి పగుళ్ళలో బుడగలున్నా అది గాజు నింపిన కెంపు.

ముత్యం చెమటకు, సెంటుకు మెరుపు పోగొట్టుకుంటుంది. పోయిన మెరుపు తిరిగి రాదు. అలంకరణంతా అయ్యాక చివర్లో పెట్టుకుని, ఇంటికి రాగానే ముందుగా తీసి తడిగుడ్డతో తుడవండి.

సీల జారుతోంది, లేదా అసలు రావట్లేదు

కంసాలి చేతిపనిలో ఏ కాడకు ఆ సీలను మరతీస్తారు. కుడిదాని సీల ఎడమదానికి పెడితే మొదట ఎక్కినట్టే ఉంటుంది, నాలుగుసార్లకు మర అరిగిపోతుంది. ఒక సీల లోపలివైపు చిన్న గీత పెట్టించుకుంటే గోల ఉండదు. ఇప్పటికే వదులైతే ముందు మర శుభ్రం చేయండి, నూనెజిడ్డు నిండినా పట్టు ఉండదు. అయినా జారుతుంటే కాడకు ఒక చుట్టు సన్నటి దారం చుట్టి బిగించవచ్చు. అది ఆ పూటకే. కొత్త సీల చేయించేదాకా ఆ కమ్మ పెట్టుకుని ప్రయాణాలు వద్దు.

బిగుసుకుపోతే పటకారు జోలికి పోకండి, మెత్తటి కాడ వంగిపోతుంది. సీల దగ్గర ఒక చుక్క కొబ్బరినూనె వేసి పావుగంట ఆగండి. ముందుభాగాన్ని గుడ్డతో గట్టిగా పట్టుకుని, సీలను మాత్రమే ఎడమకు తిప్పాలి.

కమ్మ ముందుకు వాలుతోంది

బరువంతా ముందుండి, వెనక సీల చిన్నదైతే ఏ కమ్మైనా నేలచూపులు చూస్తుంది. వెడల్పు బిళ్ళ ఉన్న సీల వేయించండి, లేదా సీలకూ చెవితమ్మెకూ మధ్య పారదర్శకంగా ఉండే సిలికాన్ బిళ్ళ పెట్టండి. బుట్టలకు మాటీలు కేవలం అందానికి కాదు, కొంత బరువు జుట్టు మోస్తుంది. మాటీ పిన్నును వదులు వెంట్రుకలకు గుచ్చితే మాత్రం అది ఏమీ మోయదు. రంధ్రం ఇప్పటికే గీతలా సాగితే బరువైనవి ఆపేయాలి. తెగిపోయే దశకు వస్తే ప్లాస్టిక్ సర్జన్ తమ్మె మొద్దుబారేలా ఇంజెక్షన్ ఇచ్చి కుట్టేస్తారు.

దురద, రసి

గిల్టు కమ్మల్లో నికెల్ పడకపోవడం మామూలు కారణం. కొన్ని వైట్ గోల్డ్ కమ్మల్లోనూ నికెల్ ఉంటుంది. కాడ మాత్రం 22 క్యారెట్ల బంగారంతో మార్పిస్తే చాలామందికి తగ్గిపోతుంది. బంగారానికే రసి కారుతుంటే సీల మరీ బిగించారేమో చూడండి, తమ్మెకు సీలకు మధ్య గాలాడాలి. కప్పు కాచి చల్లార్చిన నీళ్ళలో పావు చెంచా ఉప్పు కలిపి రోజుకు రెండుసార్లు తుడవండి. వాపు పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రాయి కదులుతోంది

చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడిస్తే టిక్‌టిక్‌మంటుంది. పట్టు పైటకు దారాలు లాగుతోందంటే రాయిని పట్టుకునే గోరు లేచింది. ఇన్‌స్టంట్ గమ్‌తో అంటిస్తే దాని ఆవిరి రాయి మీద తెల్లగా పేరుకుంటుంది. తర్వాత కంసాలి ఆ గమ్ అంతా గీకితే తప్ప రాయి కూర్చోదు. ఊడిన రాయిని కాగితంలో పొట్లం కట్టి కమ్మతోపాటే ఇవ్వండి.

మార్చబోతే అనుకున్నంత రాలేదు

ఇది కొన్ననాటి పొరపాటు. జత 12 గ్రాములు తూగితే, అందులో రాళ్ళు 10 క్యారెట్లుంటే, క్యారెట్‌కు 0.2 గ్రాము చొప్పున 2 గ్రాములు పోను బంగారం 10 గ్రాములే. లక్క ఉంటే దాని బరువూ తీసేయాలి. బిల్లులో స్థూల బరువు, రాళ్ళ బరువు, నికర బరువు విడివిడిగా రాయించుకోండి. రాళ్ళకు తిరిగి ఎంత కడతారో కూడా అక్కడే రాయించాలి, చాలాచోట్ల బంగారానికే లెక్క కడతారు. హాల్‌మార్క్‌తోపాటు ఉండే, అక్షరాలు అంకెలు కలిపి ఆరు ఉన్న హెచ్‌యూఐడీని (ఆ నగ గుర్తింపు కోడ్) బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. కుందన్, పోల్కీ (సానపట్టని రవ్వలు), జడావు (పొదుగుడు పని) నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. కాబట్టి వాటికి ఎన్ని క్యారెట్ల బంగారమో బిల్లు మీద ఉండి తీరాలి.