మొదటి గండమ్ కిట్: అమర్చడం నుంచి రంగు దాకా, ఆడవాళ్ల కోసం

నాకు గండమ్ కిట్ వచ్చిందని మొదటిసారి చెప్పినప్పుడు మా అత్తగారు "శుభమా అని ఇంట్లోకి గండం తెచ్చుకోవడమేంటమ్మా" అన్నారు. 1979లో జపాన్ టీవీలో మొదలైన పెద్ద రోబోల కథ పేరు అదని, ఆ రోబోల ప్లాస్టిక్ కిట్లని బందాయ్ కంపెనీ 1980 జులై నుంచి అమ్ముతోందని, మొదటి కిట్ ధర 300 యెన్లని, వీటినే గన్‌ప్లా అంటారని చెప్పేసరికి కుక్కర్ మూడు విజిళ్లు వేసింది. ఇప్పుడు కొత్త పెట్టె వస్తే ముందు మూత తీసి చూసేది ఆవిడే, అది వేరే సంగతి.

కొట్లో అడిగితే "బాబుకి ఎన్నేళ్లు మేడమ్?" అంటారు. "నాకు ముప్పై నాలుగు" అనండి, అక్కడితో అయిపోతుంది. 2022లో వచ్చిన గండమ్ టీవీ సిరీస్‌లో ముఖ్యపాత్ర ఒక అమ్మాయే, ఆమె నడిపే రోబో పేరు ఏరియల్, దాని హెచ్‌జీ (ఇదొక సైజు, కింద చెబుతాను) కిట్ మొదటిసారి చేసేవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పే కిట్. ముక్కలు చక్కగా పడతాయి, చేతులూ కాళ్లూ బాగా వంగుతాయి.

పెట్టె మీద ఉండే అక్షరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. కథలో మొదటి గండమ్ ఎత్తు 18 మీటర్లు. హెచ్‌జీ అంటే 1/144 కొలత, అంటే పన్నెండున్నర సెంటీమీటర్లు, మన మంచినీళ్ల గ్లాసంత. ఎంజీ 1/100, పద్దెనిమిది సెంటీమీటర్లు. పీజీ 1/60, ముప్పై సెంటీమీటర్లు, అది ఇప్పుడు మనకొద్దు. ఆర్‌జీ కూడా హెచ్‌జీ అంతే ఉంటుంది కానీ ముక్కలు నువ్వుగింజల్లా ఉంటాయి, పెట్టె చిన్నదే కదా అని మోసపోకండి. కత్తెర కూడా లేకుండా చేత్తో విరిచి అమర్చేవి కావాలంటే ఈజీ (EG), అంటే ఎంట్రీ గ్రేడ్ ఉంది. వీటిలో దేనికీ జిగురు అక్కర్లేదు, ముక్కలు ఒకదాన్లో ఒకటి నొక్కితే పట్టుకుంటాయి. ప్లాస్టిక్ కూడా ముందే రంగుల్లో వస్తుంది, కాబట్టి రంగు వేయకపోయినా బొమ్మ బోసిగా ఉండదు. పుస్తకం జపనీస్‌లో ఉందని టెన్షన్ పడొద్దు, అంతా బొమ్మలే. A12 అని ఉంటే A అనే ఫ్రేములో (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) 12వ ముక్క, అంతే.

ఇక అసలు పని. నన్నడిగితే గన్‌ప్లాలో సగం అందం ముక్కని ఫ్రేము నుంచి ఎలా కోశామన్న దాంట్లోనే ఉంది, రంగులూ, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌లూ దాని తర్వాతే. ఫ్రేముని రన్నర్ అంటారు, ముక్కకీ దానికీ మధ్య ఉండే సన్నటి కాడని గేట్ అంటారు. మామిడికాయని కొమ్మ నుంచి తొడిమతో సహా కోసి, కింద పెట్టాక తొడిమ తీస్తాం కదా, సొన కాయకి అంటకుండా? ఇదీ అంతే. మొదట ముక్కకి దూరంగా, గేట్‌ని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంచి నిప్పర్‌తో (చిన్న కట్టర్) కోయండి. ముక్క చేతిలోకి వచ్చాక రెండోసారి దగ్గరగా కోయండి, కానీ అప్పుడు కూడా అర మిల్లీమీటరు వదలండి. ఒకేసారి ముక్కకి ఆనించి కోస్తే ప్లాస్టిక్ లాగబడి అక్కడ తెల్లటి మచ్చ పడుతుంది, నీలం, ఎరుపు, నలుపు ముక్కల మీద అది దూరం నుంచి కూడా కనిపిస్తుంది. మిగిలిన అర మిల్లీమీటరుని 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా వరసగా రుద్దండి. తడిపి రుద్దితే పొడి గాల్లోకి లేవదు.

ఇక్కడ మనకి ఒక లాభం ఉంది. గోళ్లకి మెరుపు తెచ్చే నాలుగు పక్కల బఫర్ దిమ్మ ఉంటుంది చూడండి, అది ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, గాజు నెయిల్ ఫైల్ ఇంకా బాగా. కానీ నెయిల్ పాలిష్ తీసే ద్రవాన్ని మాత్రం కిట్ దగ్గరకి కూడా రానివ్వకండి. అందులోని అసిటోన్ ఈ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది, నేనొక భుజం ముక్కని అలాగే పాడుచేసుకున్నాను, నిమిషంలో చూయింగ్ గమ్ అయింది. నెయిల్ పాలిష్ కూడా వద్దు, రంగు ఎంత నచ్చినా సరే.

నిప్పర్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే కరెంటు పనివాళ్ల కట్టర్ ముక్కని నలిపేస్తుంది, ప్లాస్టిక్ మోడల్స్ కోసమే చేసినది కొనండి. అలాగని ఒకవైపే పదునుండే ఖరీదైన రకాన్ని మొదటిరోజే కొనొద్దు, దాని అంచు చాలా సున్నితం. లావాటి రన్నర్‌ని దానితో కోయబోయి అంచు టక్కున విరగ్గొట్టుకున్నాను, ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

గాజులు తీసేసి కూర్చోండి, ముక్కల మీద గీతలు పడతాయి. పొరపాటుగా బిగించిన ముక్కని గోరుతో విడదీయబోతే విరిగేది గోరే, పార్ట్ సెపరేటర్ అని చిన్న ప్లాస్టిక్ బద్ద దొరుకుతుంది, అది వాడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కోసిన ముక్కలన్నీ మూతున్న డబ్బాలోనే పెట్టాలి, నోట్లో పెట్టుకునే సైజులోనే ఉంటాయి అన్నీ. నాకు ఒకేసారి మూడు గంటలు ఎప్పుడూ దొరకవు, అందుకే ఈరోజు తల, రేపు ఒక చెయ్యి అని పెట్టుకుంటాను. ఒక ప్లాస్టిక్ ట్రే మీద పని చేస్తే పిలుపు రాగానే ట్రేతో సహా అల్మారాలో పెట్టేయొచ్చు.

బొమ్మ నిలబడ్డాక ప్యానెల్ లైన్లు. ఒంటి మీద సన్నటి గాడులుంటాయి, వాటిలో నల్లగా గీత పడితే బొమ్మ ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. ముగ్గు వేసే చెయ్యి, కోన్‌తో గోరింటాకు పెట్టే చెయ్యి ఉన్నవాళ్లకి ఇది పావుగంట పని. గండమ్ మార్కర్ అని సన్నటి మొన పెన్ను దొరుకుతుంది, గీసి, బయటికి వచ్చిన సిరాని ఆరకముందే వేలితోనో, ఆరాక రబ్బరుతోనో తుడిచేయండి. తెల్ల ముక్కలకి బూడిదరంగు, ఎరుపు పసుపు ముక్కలకి గోధుమరంగు, ముదురు వాటికి నలుపు. అన్నిటికీ నలుపే గీస్తే కార్టూన్‌లా అవుతుంది, కొందరికి అదే ఇష్టం, నాకు కాదు. సీసాలో వచ్చే ఎనామెల్ ద్రవం గాడిలో దానంతట అదే పాకుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ, రంగు వేయని ప్లాస్టిక్ మీద, అందులోనూ బిగుతుగా నొక్కిన కీళ్ల దగ్గర పోస్తే ముక్క పగిలే ప్రమాదముంది. దానికి ముందు ఒక కోటింగ్ ఉండాలి.

ఇప్పుడు రంగు. మొదటి కిట్‌కి పూర్తిగా రంగు వేయొద్దని నా మాట, చివర్లో మ్యాట్ క్లియర్ అనే మెరుపు లేని పారదర్శక స్ప్రే ఒక్కటి కొడితే చాలు, ప్లాస్టిక్ మెరుపు పోయి బొమ్మ బరువుగా కనిపిస్తుంది. రెండో కిట్‌కి బ్రష్‌తో మొదలుపెట్టండి. ముక్కల్ని డిష్‌వాష్ కలిపిన నీళ్లలో కడిగి ఆరబెట్టి, ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే తొలిపూత) కొట్టి, నీళ్లతో పలచన చేసే యాక్రిలిక్ రంగుని వెడల్పాటి మెత్తటి బ్రష్‌తో ఒకే దిక్కులో వేయండి. మొదటి పూత చూసి ఏడుపొస్తుంది, కింద ప్రైమర్ కనిపిస్తూ గీతలు గీతలుగా ఉంటుంది, దాన్ని మళ్లీ మళ్లీ కెలకకుండా ఆరనివ్వండి. మూడో పూతకో నాలుగో పూతకో కుదురుతుంది. ముక్కల్ని పట్టుకోవడానికి పుల్లలకి క్లిప్పులు కట్టి, ఒక డబ్బానిండా ఇసుక పోసి అందులో గుచ్చండి. థర్మాకోల్‌లో గుచ్చితే స్ప్రే పడ్డ చోటల్లా అది కరిగి గుంటలవుతుంది.

ఎయిర్‌బ్రష్ కొనాలనిపిస్తే 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న డబుల్ యాక్షన్ రకం, గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ. రంగు పాలంత పలచగా ఉండాలి, పెరుగులా చిక్కగా ఉంటే నాజిల్ మూసుకుపోతుంది. లాకర్ (lacquer) రంగులు, అంటే థిన్నర్‌తో పలచన చేసేవి, గట్టిగా పడతాయి కానీ వాటి ఆవిరి మంచిది కాదు. గుడ్డ మాస్కు, ఎన్95 మాస్కు పొడిని ఆపుతాయి గానీ ఆవిరిని ఆపవు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే కావాలి, కిటికీ తెరిచి ఉండాలి, పొయ్యి దగ్గర్లో ఉండకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు ఈ లాకర్లూ థిన్నర్లూ కొన్నాళ్లు పక్కన పెట్టేయండి, కోసి అమర్చే కిట్లు ఎన్ని లేవు! ఇంకో మాట, స్ప్రే చేసేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టి జుట్టు ముడేసుకోండి, ఫ్యాన్ ఆపండి. తడి రంగు మీద నూలుపోగు ఒక్కటి అంటుకున్నా మళ్లీ మొదటికి రావాలి.

వరస ఇది: రంగు, గ్లాసీ క్లియర్ (మెరిసే పారదర్శక పూత), దాని మీద ప్యానెల్ లైన్లు, తర్వాత నీళ్లలో ఇరవై ముప్పై సెకన్లు నానబెట్టి జార్చే డెకాల్స్ (స్టిక్కర్ల లాంటి సన్నటి గుర్తులు), అన్నీ బాగా ఆరాక మ్యాట్ క్లియర్. స్ప్రే డబ్బాని 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ముక్కకి బయట మొదలుపెట్టి బయటే ఆపుతూ పలచగా కొట్టండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజున మాత్రం డబ్బా ముట్టుకోవద్దు. విశాఖలోనో కాకినాడలోనో ఉండేవాళ్లకి, మిగతా మనకి వానాకాలంలో, క్లియర్ పూత ఆరుతూ ఆరుతూ బూజు పట్టినట్టు తెల్లబడుతుంది. అలా అయితే గీకొద్దు, బాగా ఎండకాసిన రోజు మళ్లీ పలచగా ఒక పూత కొడితే చాలాసార్లు తెలుపు పోతుంది. విదేశాల నుంచి వచ్చే చుట్టాలని ఈ స్ప్రే డబ్బాలు తెమ్మని అడగొద్దు, విమానంలో ఎక్కనివ్వరు. నిప్పర్ తెమ్మనండి, అది కూడా చెక్‌ఇన్ బ్యాగులో.

ఖాళీ రన్నర్లని వెంటనే పారేయకండి, అదే ప్లాస్టిక్, అదే రంగు, కొత్త పెయింట్ ముందు వాటి మీద వేసి చూసుకోవచ్చు. అయిన బొమ్మని కిటికీ దగ్గర పెట్టొద్దు, ఎండకి తెల్ల ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. దుమ్ముకి పాత బ్లష్ బ్రష్‌తో వారానికోసారి దులపండి, పనమ్మాయికి కూడా చెప్పి ఉంచండి, తడిగుడ్డ పెడితే స్టిక్కర్లు లేచిపోతాయి.