నడుస్తూ ముక్కుతోనే ఊపిరి తీసుకోవడం ఎలా?

మా అనంతపురంలో పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ చేసేటప్పుడు నేను చాలాకాలం నోరు తెరుచుకునే నడిచాను, రెండు రౌండ్లకే గొంతు ఎండి నాలుక పిడచకట్టుకుపోయేది. మనది అసలే వాన తక్కువ ప్రాంతం, గాలి పొడిగా ఉంటుంది. ముక్కుతో పీలిస్తే ఆ గాలి వెచ్చబడి, తేమ పట్టి లోపలికి వెళ్తుంది, దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది: ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో, అంటే సైనస్‌లలో, నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది, ముక్కుతో పీల్చిన గాలితో పాటు అది ఊపిరితిత్తుల్లోకి చేరి రక్తనాళాలు వదులవడానికి సాయపడుతుంది. రక్తనాళాల మీద ఈ వాయువు చేసే పనిని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ ఇచ్చారు.

బయల్దేరే ముందు ముక్కు చీదేసి, కాసిని నీళ్లు తాగండి. ఒక రంధ్రం కాస్త బిగుసుకున్నట్టు ఉంటే కంగారొద్దు, కొన్ని గంటలకొకసారి అవి వంతులు మార్చుకోవడం మామూలే.

మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. పెదాలు మూసి, నాలుకను అంగిట్లో ఆనించి, పళ్లు మాత్రం బిగించకుండా. మూడడుగులకు పీల్చి నాలుగడుగులకు వదలడం నాకు కుదిరింది, మీకు రెండూ మూడూ అయితే అదే మీ లెక్క. లెక్క కోసం ఊపిరి బిగబట్టకండి.

అసలు కిటుకు వేగంలో ఉంది. పక్కవాళ్లు దాటిపోతుంటే మనకూ కాళ్లు ఉరుకుతాయి, అప్పుడే ఆయాసం వచ్చి నోరు తెరుచుకుంటుంది. అలా అనిపించగానే ముందు అడుగు తగ్గించండి, పది పదిహేను అడుగుల్లో ఊపిరి మళ్లీ కుదురుకుంటుంది. అప్పటికీ చాలకపోతే నోరు తెరిచి పీల్చండి, తప్పేం లేదు, గట్టు ఎక్కేటప్పుడు ఎవరికైనా అంతే. నాకు రెండు రౌండ్లు నోరు తెరవకుండా నడవడానికి మూడు వారాలు పట్టింది.

ఫోన్ జేబులో పెట్టేయండి. గాలి లోపలికి వెళ్లేటప్పుడు ముక్కు కొన దగ్గర చల్లగా, వచ్చేటప్పుడు పై పెదవి మీద గోరువెచ్చగా తగులుతుంది చూడండి, దాన్నే గమనిస్తూ నడవండి. మనసు ఆఫీసు టెన్షన్ల మీదికో, పిల్లల ఫీజుల మీదికో పోతుంది, పోయిందని తెలియగానే మళ్లీ ఆ చల్లదనం దగ్గరికి తెచ్చుకోండి. ఒక రౌండులో ఇరవైసార్లు తెచ్చుకున్నా సరే. రోడ్డు మీద నడిచేవాళ్లు మాత్రం బండ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి, ఊడ్చేచోట దుమ్ము లేస్తుంటే అవతలి పక్కకు మారిపోవాలి.

ఎండాకాలంలో ఆరున్నరలోపే ముగించేయండి. పడిశం పట్టి ముక్కు దిబ్బడేసిన రోజు ఈ ప్రయత్నం వద్దు, ఊరికే నడిచి వచ్చేయండి. కళ్లు తిరిగినా, గుండెలో పట్టేసినట్టున్నా వెంటనే ఆగి కూర్చోండి. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.